గడ్డి మిషన్ ముందు చాచా

చాచా పోయాడని మాకు పొద్దున పాలు కాస్తుండగా తెలిసింది. వాళ్ల అల్లుడు వాకిట్లోకి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, "చాచా పోయిండక్కా" అన్నాడు. అందరికీ ముందు ఏడుపు వస్తుందంటారు. నాకు భయం వేసింది. పాలు పొంగి పొయ్యిలో పడుతున్నా కదలలేకపోయాను. ఇక మిషన్ ముందు ఎవరు నిలబడతారు? నాకు తోచిన మొదటి మాట అదే. సిగ్గుగా ఉన్నా అదే నిజం.

మా మామిడితోట పెబ్బేరు నుంచి వనపర్తి పోయే దారికి కాస్త లోపల ఉంటుంది. పక్క చేను చాచాది. మాకు చుట్టరికం ఏమీ లేదు, కానీ ఊళ్లో అందరికీ ఆయన చాచానే. పెబ్బేరు సంతలో చాలాకాలం ఎద్దుల బేరాలు చేశాడు. తర్వాత తమ్ముడితో కలిసి ఒక ట్రాక్టరు, దాని వెనక తగిలించి లాగే గడ్డి కోసే మిషన్ కొన్నాడు. మంచమంత ఇనుప రేకు, దాని కింద గిర్రున తిరిగే కత్తులు. ట్రాక్టరు నుంచి ఆ కత్తుల దాకా ఒక ఇనుప కడ్డీ తిరుగుతూ ఉంటుంది. ఒకరోజు ఇంజను ఆపకుండానే ఆ తమ్ముడు గడ్డి చిక్కు తీయడానికి వెనక్కి వంగాడు. భుజం మీది తువ్వాల కడ్డీకి చుట్టుకుంది. మనిషి దక్కలేదు.

ఆ తర్వాత చాచా ట్రాక్టరు సీటు ఎక్కలేదు. మిషన్‌ను అమ్మనూ లేదు. "అమ్మితే ఇంకొకని ఇంట్ల వడ్తది బిడ్డా" అనేవాడు. ఎవరికైనా మిషన్ కావాలంటే చాచాను కూడా తీసుకుపోవాల్సిందే. వేరే షరతు లేదు.

ఒక వానాకాలం మా ఆయన బండి మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. వనపర్తి దవాఖానాలో కాలికి రాడ్డు వేశారు. క్లచ్ తొక్కే పని ఇక లేదు. తోటలో గడ్డి మోకాళ్ల దాకా లేచింది. పాములున్నాయని కూలీలు లోపలికి రామన్నారు. పెళ్లికి ముందే మా నాయన దగ్గర ట్రాక్టరు నేర్చుకున్నదాన్ని కదా, నేనే నడుపుతానని చాచా దగ్గరికి పోయాను.

"భయమైతలేదా బిడ్డా?" అన్నాడు.

"నాకేం భయం చాచా!"

"గట్లయితే ఇయ్య. భయమైననాడు రా."

నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి గిన్నెలన్నీ ఎత్తి పడేశాను. రాత్రంతా ఆ తమ్ముడి తువ్వాలే కళ్లలో మెదిలింది. తెల్లారి పోయి, "భయమైతుంది, ఇయ్యి" అన్నాను కోపంగానే. చాచా నవ్వాడు. "ఆఁ, గిప్పుడు సరే."

ఇక మొదలైంది నా తిప్పలు! ముందు తోటంతా కర్రతో గడ్డి పాయలు తీస్తూ తిరిగేవాడు. రాయి, తీగముక్క, విరిగిన పైపు ఏది దొరికినా గట్టు మీదికి. "కత్తి కింద వడ్తే తుపాకి గుండు లెక్క వస్తది" అనేవాడు. కొంగు ఎగిరితే ప్రమాదమని నాకు చీర వద్దన్నాడు. ఆయన భార్య, మా చాచీ, నాకు మణికట్టు దగ్గర బిగుతుగా ఉండే కుర్తా కుట్టిచ్చింది. జడ ముడి వేసుకోవాలి, పుస్తెలతాడు లోపలికి దోపుకోవాలి. చాచా తన మెడలోని తాయెత్తు కూడా తీసి మామిడికొమ్మకు వేలాడేసేవాడు. ఆ తయారీ చూసి దారిన పోయేవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనీ!

అసలు పద్ధతి ఆ తర్వాతది. సంతలో ఎద్దు వెనక నుంచి పోయే మనిషి ముందుగా గొంతు వినిపించాలి, లేకపోతే తన్నుతుంది. చాచా ఆ అలవాటును మిషన్‌కు తెచ్చాడు. నేను ఇంజను స్టార్ట్ చేశాక, కత్తులను తిప్పే లివర్ వేయకముందే, తోటలో ఉన్నవాళ్లంతా ట్రాక్టరు ముందు, దూరంగా నిలబడి రెండు చేతులూ పైకెత్తాలి.

"కానొస్తున్ననా బిడ్డా?"

"కానొస్తున్నవ్ చాచా."

అప్పుడే లివర్. ఒక్కరు కనబడకపోయినా లేదు.

పీర్ల పండుగ మరునాడు. మా ఆయన చెట్టు కింద మంచం మీద కూర్చుని చేతులెత్తాడు. చాచా ఎత్తాడు. "కానొస్తున్ననా?" "కానొస్తున్నవ్." నా చెయ్యి లివర్ మీదికి పోయింది. చాచా చేతులు దించలేదు. ఆయన చూపు గట్టు మీద ఉంది. అక్కడ చాచీ రొట్టెల డబ్బా ఉంది.

"డబ్బా ఈడుంది. మనిషేది?" అన్నాడు. మరుక్షణం, "ఇడువు! లివర్ ఇడువు!" అని అరిచాడు. ఆయన అంత గట్టిగా అరవగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

చెయ్యి లాగేసుకుని ఇంజను ఆపేశాను. ఆ నిశ్శబ్దంలో నా వెనక నుంచి చాచీ గొంతు. "ఏమైందయ్యా?"

మోకాళ్ల మీద కూర్చుని ఉంది. పీరు దగ్గరి నుంచి తెచ్చిన ఆకుపచ్చ దట్టీని, ఆ మొక్కుగుడ్డను, మరిదిని మింగిన ఆ కడ్డీకే కడుతోంది, ఇంకెవరికీ ఏమీ కాకూడదని. ఒక కొస కడ్డీకి ముడేసింది. గాలికి పోకుండా రెండో కొస తన మణికట్టుకు చుట్టుకుంది.

నేనే దిగి ముడి విప్పాను. చాచా గడ్డిలో కూలబడ్డాడు. లేచి, దట్టీని తాయెత్తు పక్కనే కొమ్మకు కట్టాడు. "ఈడ్నే ఉండనియ్యి. ఈడికెళ్లి గూడ సూస్తది" అన్నాడు. ట్రాక్టరు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఆ రోజు ఇక గడ్డి కోయలేదు. అప్పటి నుంచి మిషన్ వెనక్కి ఎవరు పోవాలన్నా తాళం ముందు చాచా జేబులోకి రావాలి, కత్తులు పూర్తిగా నిలవాలి. చచ్చేదాకా ఆ పద్ధతి తప్పలేదు.

ఈ తొలకరికి పోయాడు. వానలన్నీ అయిపోయినా నేను మిషన్ ముట్టలేదు. మా ఆయన రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు. గడ్డి నడుము దాకా వచ్చింది.

మొన్న పొద్దున, భర్త పోయాక ఇల్లు కదలకుండా ఉండే ఇద్దత్ గడువు తీరి, చాచీ ఇల్లు దాటి మొదటిసారి మా తోటకు వచ్చింది. రొట్టెల డబ్బా గట్టు మీద పెట్టింది. కర్రతో గడ్డి తీస్తూ తోటంతా తిరిగింది. తర్వాత తాళం నా చేతిలో పెట్టింది. "ఆయన అంగి జేబుల ఉండె" అంది.

సీటెక్కాను. ఇంజను స్టార్ట్ చేశాను. చాచీ పోయి, వెలిసిపోయిన దట్టీ వేలాడే కొమ్మ కింద, చాచా నిలబడేచోట నిలబడి రెండు చేతులూ పైకెత్తింది.

"కానొస్తున్ననా బిడ్డా?"

నా కళ్ల నిండా నీళ్లు. అంతా మసక.

"కానొస్తలేవు చాచీ, జర ఆగు" అన్నాను.

నేను కళ్లు తుడుచుకునేదాకా ఆమె చేతులు దించలేదు.