బూట్లు అడిగిన కార్డు నంబరు

2023 వర్షాకాలం. జంషెడ్‌పూర్ సీతారాండేరాలో ఒక తెలుగు సంఘం నడిపే లైబ్రరీ. ఒకటే గది, నాలుగు బీరువాలు, పంతొమ్మిదేళ్లుగా అదే కుర్చీలో లైబ్రేరియన్‌గా నేను. మా పనంటే దుమ్ము దులుపుకుంటూ కునికిపాట్లు పడటమే అనుకునేవాళ్లకి ఈ సంగతి చెప్పి తీరాలి.

ప్రతి పుస్తకం చివర డ్యూ డేట్ స్లిప్ ఉంటుంది, అంటే తిరిగివ్వాల్సిన తేదీ ముద్ర వేసే కాగితం. దాని పక్కన నేనొక తెల్లకాగితం అంటిస్తాను. చదివినవాళ్లు తమ అభిప్రాయం రెండు ముక్కల్లో రాయొచ్చు. వెకిలిరాతలు రాయకుండా కింద కార్డు నంబరు వేయాలని రూలు పెట్టింది కూడా నేనే. ఆ తెలివికి తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ ఏడాది మా సంఘం కార్యదర్శిగారు ఒక పుస్తకం కొనిచ్చారు. బుద్ధుడి బోధనలను బట్టి ఆనందంగా బతకడం ఎలాగో చెప్పే పుస్తకం. ఆయన ఫ్యాక్టరీలకు మనుషుల్ని పంపే లేబర్ కాంట్రాక్టర్. తన దగ్గర పనిచేసేవాళ్లంతా దాన్ని చదవాలన్నారు. ఇచ్చింది ఆయన కాబట్టి అభిప్రాయాలన్నీ తియ్యతియ్యగా వచ్చాయి. ‘మనసు తేలికపడింది.’ ‘కోపం తగ్గింది.’ ఒకరైతే ‘ప్రతి ఇంట్లో ఉండాల్సిన గ్రంథం’ అని రాసి, గుర్తుగా పెట్టుకున్న బస్సు టికెట్‌ని పదకొండో పేజీలోనే వదిలేశారు. ఎవరని అడక్కండి.

తర్వాత వంకర అక్షరాలతో ఇది వచ్చింది: ‘కోరిక తగ్గితే దుఃఖం తగ్గుతుందని రాశారు. నా కోరిక సేఫ్టీ షూస్. ఏడాదిగా అడుగుతున్నాను. ఈ కోరిక తగ్గించుకుంటే నా కాలు పోతుంది.’ కింద కార్డు నంబరు.

సేఫ్టీ షూస్ అంటే కాలివేళ్ల మీద ఇనుప రేకు ఉండే బూట్లు. వాటిని పనివాళ్లకి ఇవ్వాల్సింది కాంట్రాక్టరే.

ఆదివారం కార్యదర్శిగారు వచ్చి ఆ పేజీ చూశారు. ముఖం ఎర్రబడింది.

“అరే, ఏటండీ ఇది? ముందా కాయితం సింపీండి. ఇష్యూ రిజిస్టర్ ఇలా తెండి, ఈ నంబరు ఎవుళిదో సూత్తాను.”

ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసుకునేది ఇష్యూ రిజిస్టర్. ఆ నంబరు బాగ్‌బేరాలో ఉండే పైడితల్లిది. తర్వాత తనే బయటపెట్టుకుంది కాబట్టి పేరు రాస్తున్నాను. ఆమె ఆయన దగ్గరే పనిచేస్తుంది. ఆయన సంతకం పెడితేనే నెలనెలా గేట్ పాస్ వస్తుంది. పాస్ లేకపోతే ఫ్యాక్టరీ గేటు దాటనివ్వరు, పని పోయినట్టే.

నేను రిజిస్టర్ సొరుగులో పెట్టి తాళం వేశాను.

“ఎవరేం చదివారో చెప్పనండీ. మా అమ్మ వచ్చి అడిగినా చెప్పను.”

“సంఘం రిజిస్టర్ సూడ్డానికి సెక్రటరీకి మీ పర్మిషన్ కావాలేటి?”

“రిజిస్టర్ సంఘానిదే. నేనున్నంతకాలం తాళంచెవి నా దగ్గరుంటుంది. కమిటీలో పెట్టి నన్ను తీసేయండి, అప్పుడు చూసుకోండి.”

అన్నానే గాని, సొరుగు తాళం పడిందో లేదో రెండుసార్లు లాగి చూసుకున్నాను. భయం కాదని బడాయి పోను, భయమే. కోపం అంతకంటే ఎక్కువ.

పై ఆదివారం కమిటీ కూర్చుంది. ఈలోపు పైడితల్లి పుస్తకం మార్చుకోవడానికి వచ్చినప్పుడు సంగతంతా చెప్పి, జాగ్రత్త అన్నాను. ఆమె పుస్తకం మార్చుకుని వెళ్లిపోయింది. తీరా కమిటీ నన్ను నిలదీస్తున్న సమయానికి డ్యూటీ బట్టల్లో నేరుగా లోపలికొచ్చింది.

“ఆ నంబరు నాదే బాబూ. మేడమ్‌ని కాదు, నన్నడగండి.”

“సదువుకోమని పుస్తకం ఇత్తే ఇలాగా రాత్తావు? నీ పని ఏటవుద్దో తెలుసా?” అన్నారు కార్యదర్శిగారు.

“తెలుసు. పుస్తకం మంచిదే బాబూ, రెండుసార్లు సదివాను. కోరిక తగ్గించుకోమన్న పేజీ ఒక్కటే మాకు సెప్పినారు మీరు. నిజం మాటాడమన్న పేజీ కూడా అందులోనే ఉంది. అందుకే రాసాను.”

ఆమె కుడికాలి బూటు నోరు తెరవకుండా ముందుభాగం తాడుతో కట్టి ఉంది. అందరి కళ్లూ దాని మీదే పడ్డాయి. కమిటీలో పెద్దాయన, రిటైర్డ్ ఇంజనీరు, కళ్లజోడు తీసి కార్యదర్శి వైపు తిరిగారు. బూట్లెప్పుడు ఇస్తారని హిందీలో అడిగారు.

“జూతా కబ్ మిలేగా?”

నన్ను తీసేసే సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పది రోజుల్లో బూట్లు వచ్చాయి, ఆమెతో పనిచేసే పదకొండుమందికీ. గేట్ పాస్ ఆగలేదు. ఇదంతా ఆయన మంచితనమంటే నేనొప్పుకోను. అంతమంది చూశారు కాబట్టి ఇచ్చారు.

కార్డు నంబరు రూలు కమిటీ కూర్చున్న రోజే కొట్టేశాను. చదివి తోచింది రాయడానికి మనిషికి అంత ధైర్యం కావలసి వచ్చిందంటే తప్పు లైబ్రరీది, అంటే నాది. పైడితల్లి రాసిన కాగితం ఇప్పటికీ ఆ పుస్తకంలోనే ఉంది. దాన్ని చింపాలంటే ముందు నన్ను దాటాలి.

ఇంతకీ కార్యదర్శిగారు ఆ పుస్తకం ఎప్పుడైనా తీసుకెళ్లి చదివారా అని చాలామంది నవ్వుతూ అడుగుతుంటారు. రిజిస్టర్‌లో ఉంది. చెప్పను.