గోడకి కన్ను కొట్టిన పెద్దమ్మ

మా బావ కళ్ళ డాక్టరు. కత్తి పడితే చెయ్యి వణకదు, కలం పడితే ఆగదు. తలుపు వేయమని చీటీ రాయాల్సి వస్తే తలుపు పుట్టుపూర్వోత్తరాలతో మొదలుపెట్టే రకం. అలాంటి మనిషికి, ఆసుపత్రిలో విభాగం పెద్ద కుర్చీ ఖాళీ అయ్యే వేళకి పైవాళ్ళు ఒక మెలిక పెట్టారు. పేరున్న కంటి వైద్య పత్రికలో ఒక్క వ్యాసమైనా అచ్చయి ఉండాలి. లేదంటే ఆ కుర్చీ బావ దగ్గర పని నేర్చుకున్న డాక్టరుకి పోతుంది.

"నేను నేర్పినవాడు గదిలోకొస్తే నేను లేచి నిలబడాలా!" అని వాపోయాడు.

"వ్యాసం రాయండి, కూర్చోవచ్చు" అంది మా అక్క.

రాయడానికి వింత కేసు కావాలి. దాని కోసం పాత కేసుషీట్లన్నీ తిరగేశాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ వింత రోజూ ఎదురుగా కూర్చుని భోజనం చేస్తూనే ఉంది. బావ పెద్దమ్మ, అంటే వాళ్ళ నాన్నగారి వదిన. ఆవిడకి పుట్టుకతోనే ఎడమ రెప్ప కొంచెం వాలి ఉంటుంది. నమిలినప్పుడల్లా ఆ రెప్ప టక్కున లేచి పడుతుంది. దవడకి వెళ్ళాల్సిన నరం పాయ ఒకటి దారి తప్పి రెప్పలోకి దూరిందన్నమాట. వైద్యులకి ఇది పాత సంగతే. కొత్తదేమిటంటే, పెద్దమ్మ కుడి బుగ్గలో ఎప్పుడూ ఒక పిప్పరమెంటు పెట్టుకుని, దవడ కాస్త పక్కకి జరిపి, రెండు రెప్పల్నీ సమానంగా నిలబెట్టుకునేది. నలుగురిలో ఉన్నప్పుడు ఎవరికీ తెలిసేది కాదు. భోజనాల దగ్గర మాత్రం పిప్పరమెంటు తీసేయక తప్పదు కదా!

పాఠ్యపుస్తకాలు దిద్దడం నా ఉద్యోగం కాబట్టి వ్యాసం దిద్దే పని ఈ మరదలి నెత్తిన పడింది. మొదటి ప్రతి సూర్యకాంతితో మొదలైంది.

"బావా, ఇంతకీ రెప్ప ఎప్పుడు లేస్తుంది?"

"తొందరపడకు. ఏడో పేజీలో లేస్తుంది."

మొత్తం కలిపి నాలుగు పేజీలు దాటకూడదని పత్రిక వాళ్ళ నియమం. ఆయన ఒక్కో వాక్యానికీ కన్నబిడ్డకి అడ్డుపడ్డట్టు అడ్డుపడుతుంటే నేను కోసుకుంటూ పోయాను. సంపాదకుడికి రాసిన ఉత్తరంలో "తమవంటి పెద్దలు కాదనరన్న ఆశతో" అన్న ముక్క చూసి, "వ్యాసం పంపుతున్నారా, పిల్లనడుగుతున్నారా?" అన్నాను. అది కూడా పోయింది.

ఫొటోలు రెండు. నమలక ముందు ఒకటి, నములుతుండగా ఒకటి. పెద్దమ్మ తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని వచ్చి దర్జాగా కూర్చుంది. అన్నీ జత చేసి, మీట నొక్కి, బావ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాడు.

కొన్నాళ్ళకి జవాబొచ్చింది. వ్యాసం ఆసక్తికరంగా ఉందట. "అయితే మొదటి చిత్రంలో ఒక నల్లపట్టీ ఉంది. రెండవ చిత్రంలోనూ ఒక నల్లపట్టీ ఉంది. ఈ రెండు పట్టీల మధ్య రచయిత వర్ణించిన తేడా మాకు కనిపించలేదు" అని రాశారు.

రోగిని ఎవరూ గుర్తుపట్టకూడదని, ఆసుపత్రి నుంచి బయటికి వెళ్ళే ప్రతి ఫొటోలోనూ కళ్ళ మీద నల్లపట్టీ వేయాలని రూలు. ఆ రూలు పెట్టిందీ బావే. ఆ పట్టీలు చూసీ చూసీ మనిషి ముఖంలో అదీ ఒక భాగమైపోయింది కాబోలు, ఆయనకీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు.

"కళ్ళ పత్రికకి కళ్ళకి గంతలు కట్టి పంపారు, శభాష్" అని అక్క వంటింట్లోకి వెళ్ళి మరీ నవ్వింది.

దిద్దుబాటు సులువే. ముఖం తీసేసి కళ్ళవరకే కత్తిరించి పంపితే చాలు. అయితే అచ్చులో పడబోయే బొమ్మ రోగి చూసి, కింద సంతకం పెట్టాలి. పెద్దమ్మ చూసి కాగితం పక్కకి నెట్టేసింది.

"నా మొహమేది?"

"మొహం అక్కర్లేదు పెద్దమ్మా, కన్ను చాలు."

"నాకు చాలదు. మొహం లేకపోతే అది నా కన్నేనని మీ అమ్మ నమ్ముతుందా?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. బావ తల్లి కాపురానికొచ్చిన కొత్తల్లో, భోజనాల దగ్గర పెద్దమ్మకి ఎదురుగా మరిది కూర్చునేవాడట. పెద్దమ్మ నమిలేది, రెప్ప లేచేది. తన మొగుడికి తోడికోడలు కన్ను కొడుతోందని బావ తల్లి, అంటే మా అత్తయ్యగారు, అప్పుడే తేల్చేసుకున్నారట. ఇవాళ్టికీ ఆ కేసు కొట్టెయ్యలేదు.

"నా తప్పు లేదని మీ అమ్మ నోటితో అనిపించు. అప్పుడు కన్నేం ఖర్మ, పన్ను కూడా అచ్చేసుకో" అంది పెద్దమ్మ.

పత్రిక ఇచ్చిన గడువు దగ్గరపడుతోంది. ఆదివారం పూట బావ తల్లినీ పెద్దమ్మనీ హాల్లో కూర్చోబెట్టి, నరం బొమ్మ గీసి మరీ వివరించాడు. అత్తయ్యగారు ఓపిగ్గా విన్నారు.

"నరమైతే మరి ఈయన ఎదురుగా ఉన్నప్పుడే ఎందుకు లేస్తుంది?" అన్నారు, మూల పేపరు చదువుకుంటున్న మావయ్యగారిని చూపిస్తూ.

"ఎదురుగా నాన్న కూర్చునేవారు కాబట్టమ్మా!"

"అలాగైతే అటు తిరిగి నమలమను."

పెద్దమ్మ కుర్చీ తిప్పుకుని బిస్కెట్టు కొరికింది. అత్తయ్యగారు పక్కకి వెళ్ళి వంగి చూశారు. రెప్ప లేచింది. కిటికీ వైపు తిప్పారు, లేచింది. బీరువా వైపు తిప్పారు, లేచింది. ఖాళీ గోడకి ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చోబెట్టారు. అక్కడా లేచింది.

"గోడకి కూడా కన్ను కొడుతోందంటావా అమ్మా?" అన్నాడు బావ.

అత్తయ్యగారు గోడనీ పెద్దమ్మనీ మార్చి మార్చి చూశారు. "గోడకే కొడుతోందంటే... నరమే అయ్యుంటుందిలే" అన్నారు నేల చూపులు చూస్తూ.

బావ చటుక్కున కాగితం చాపాడు. పెద్దమ్మ సంతకం పెడుతూ ఊరుకోవచ్చు కదా! "ఇప్పటికైనా తెలిసిందా? ఆ మొహానికి కన్ను కొట్టడానికి నాకేం పోయేకాలం!" అంది.

"ఏం? ఆయన మొహానికేం తక్కువ?" అని అత్తయ్యగారు గయ్యిమన్నారు. "పెళ్ళిలో నువ్వే కదా అక్కయ్యా, మా మరిది దీపంలా ఉన్నాడన్నావు!"

"దీపమన్నాను, కన్ను కొట్టాలనిపించేలా ఉన్నాడన్నానా?"

ఇద్దరూ కొత్త పోట్లాటలో పడ్డారు. బావ సంతకం పట్టుకుని కంప్యూటరు దగ్గరికి పరుగెత్తాడు. ఖాళీ గోడకి కొట్టినా, ప్రాణమున్నవాడికి కొట్టినా రెప్ప ఒకేలా లేస్తుందన్న సంగతి వ్యాసంలో ఒక కొత్త వాక్యమైంది, మర్యాదైన మాటల్లో. దాన్ని మాత్రం నేను కోయలేదు. తర్వాత వ్యాసం అచ్చయింది, కుర్చీ వచ్చింది. ఆ కుర్చీ కిర్రుమంటుందని ఇప్పుడు బావ ఫిర్యాదు.

ఆ ఆదివారం మాత్రం దిద్దిన ప్రతి పంపేసి మేము వెనక్కి తిరిగేసరికి, మావయ్యగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. పొద్దుట్నుంచీ పేపరు అడ్డం పెట్టుకుని ఒక్క మాటా మాట్లాడని మనిషి. హాల్లోకి ఒకసారి తొంగి చూసి, గొంతు తగ్గించి కొడుకుని అడిగారు.

"ఏరా, అన్నిసార్లూ నరమేనా?"