చెద పట్టిన కట్టె, నాలుగు పలకల మేకులు

ముందుగాల సదివేటోళ్ళందరికి దండం. నేను ఐదో తరగతి గూడ సక్కగ సదువలే. వడ్లోళ్ళ పిల్లగాన్ని, పలక కంటె ముందు చేతికి కట్టె నున్నగ చేసే రంద ఇచ్చిన్రు. ఇంతకుముందు ఎన్నడు ఏది రాసినోన్ని కాదు. అక్షరాలు వంకర పోతయి, ఒత్తులు తప్పుతయి, ఏమనుకోకున్రి. నీ పనిల మర్వలేనిది ఒకటి రాయుమన్నరు గనుక రాస్తున్న.

1976. మస్కట్ దగ్గర రువీల ఒక కంపెనీ కార్పెంటర్ షాపుల నా డ్యూటీ. తలుపులు, కిటికీలు, బీరువలు చేస్తుంటి. ఒకనాడు పొద్దుగాల ఒక అమెరికా డాక్టరమ్మ జీపుల వచ్చింది. తెల్లెంటికెల ముసలామె. ఒమన్ ఆస్పత్రిలనే శాన ఏండ్లు పనిచేసింది, హిందీ అరబ్బీ కలిపి మాట్లాడ్తది. ఆమె ఎంట మరియమ్మ సిస్టర్. భీమవరం దిక్కు నర్సు, నాకు తెలుగుల చెప్పేటందుకు వచ్చింది. ఇద్దరు కలిసి దుప్పట్ల చుట్టిన పటం ఒకటి దించిన్రు.

రంగులతోని గీసిన బొమ్మ. ఒక ఏరు, ఒడ్డుకు మూడు ఆవులు, ఎన్కకు నీలం గుట్టలు. మనిషన్నోడు లేడు. బొమ్మ బట్ట మీద ఉంటది, దాన్ని కాన్వాస్ అంటరు. ఆ బట్టను గుంజి కొట్టే నాలుగు కట్టెల సట్రాన్ని స్ట్రెచర్ అంటరు. ఆస్పత్రిల పేషెంట్‌ను మోసేది కాదు. కింది కట్టెకు చెద పట్టి, బట్ట జారిపోయింది.

"మేస్త్రి గారూ, ఇది అమ్మగారి ప్రాణమండీ. కాస్త జాగ్రత్తగా చెయ్యండి" అన్నది సిస్టర్.

"మీరు సూది ఇచ్చినదానికన్న మెల్లగ చేస్త సిస్టర్."

"మా సూదికి ఏడ్చినోళ్ళు లేరండీ బాబూ!" అని నవ్వింది.

చెద పట్టింది ఒక్క కట్టెకే. గని నేను నాలుగు తీసేసిన. టేకు కట్టె కోసి, నున్నగ రంద వట్టి, కొత్త సట్రం చేసి, కొత్త మేకులు కొట్టిన. మా వడ్లోళ్ళల్ల చెద పట్టిన కట్టెను షాపుల రాత్రి ఉండనియ్యరు, మిగిలిన సామానుకు అంటుకుంటదని. మా నాయిన గట్లనే నేర్పిండు. ఆ నాలుగు కట్టెలు అదే పూట సరేసు డబ్బ కింద మంటల పెట్టిన. సరేసు అంటే కట్టె అతికే జిగురు, కాగవెట్టాలె. పటం సూసి డాక్టరమ్మ నా భుజం తట్టింది. నాకు శాన గర్వమైంది.

రెండు నెలలకు మరియమ్మ సిస్టర్ ఒక్కతే వచ్చింది. మొఖంల నవ్వు లేదు.

"మేస్త్రి గారూ, ఆ పాత చెక్కలు ఎక్కడున్నాయండీ?"

"కాలవెట్టిన గద."

"అయ్యో రామ... అయ్యో ప్రభువా, ఎంత పని చేశారండీ!"

డాక్టరమ్మ పిలుస్తున్నదని నన్ను ఎంట తీస్కపోయింది. జీపుల కూసొని పోతుంటె సంగతి చెప్పింది. ఆ బొమ్మ గీసింది డాక్టరమ్మ వాళ్ళ అమ్మమ్మకు తల్లి. ఆ ముత్తవ్వ 1865ల సచ్చిపోయింది. ఇంట్ల అందరు తరతరాలుగ గట్లనే చెప్పుకుంటరు. డాక్టరమ్మ తమ్ముడు మాత్రం "అంత ఉత్తదే, తర్వాత ఎవలో బజార్ల కొన్నది" అంటడట. ఆమె నౌకరి అయిపోయి ఇంటికి పోతున్నది. వాళ్ళూరి మ్యూజియంల ఆ బొమ్మను ముత్తవ్వ పేరుతోని పెట్టియ్యాలని ఆశ. పాత బొమ్మలు సూసి ఏ కాలందో చెప్పే ఒక సార్ మస్కట్‌కు సుట్టం ఇంటికి వస్తే, ఆయనకు చూపిచ్చింది. బొమ్మ మీద పేరు లేదు, సంవత్సరం లేదు. గసొంటప్పుడు ఎన్క కట్టెను, మేకులను సూసి కాలం చెప్తరట. ఆయన తిప్పి సూస్తే నా టేకు కట్టె! "కొత్త కట్టె, కొత్త మేకులు. నేనేం రాయలేను" అన్నడట.



డాక్టరమ్మ ఇంట్ల పటం బల్ల మీద బోర్ల పండవెట్టి ఉన్నది. ఆమె నన్ను ఒక్క మాట అనలే. "బైఠో మిస్త్రీ" అని కుర్సీ జరిపింది. తిట్టినా మంచిగుండు.

ఆ సార్ గూడ ఆడనే ఉన్నడు. ఆయన అడుగుతుంటె సిస్టర్ తెలుగుల చెప్పింది. "పాత చెక్క ఎలా ఉండేదో మీరే చెప్పమంటున్నారండీ. ఇలా ఉండేదా అని ఆయన ముందుగా ఏమీ చెప్పరట."

కండ్లు మూసుకున్న. సూసింది కన్ను మర్వచ్చు గని పట్టింది చెయ్యి మర్వది. "కోసింది చేతి రంపం. గీతలు ఒక్క తీరుగ లేవు. మిషను కోత అయితే గీతలు వంపు తిరిగి ఒక్క తీరుగుంటయి. రంద గూడ చేతిదే, ఏలు పెడితె అలల లెక్క తగిలింది. మూలలు సగం సగం కోసి ఒకదాని మీద ఒకటి కూసోవెట్టి సరేసుతోని అతికిచ్చిండు. కదలకుంట."

"మూలల్లో బిగించే చిన్న చెక్క చీలలేమైనా ఉన్నాయా?"

"లెవ్వు."

సార్ రాసుకున్నడు. ఇంకోటి అడిగిండు. సిస్టర్ అది గూడ తెలుగుల చెప్పింది. "చెక్క మీద రాత ఏమైనా ఉందా? పేరు లాంటిది?"

డాక్టరమ్మ నా దిక్కే సూస్తున్నది. పేరు ఉన్నదని ఒక్క మాటంటె బొమ్మకు ముత్తవ్వ పేరు ఎక్కుతది. కాదనేటందుకు కట్టె లేదు. నా తప్పు గూడ మాసిపోతది. నాలిక దాక వచ్చింది.

"పైకట్టె మీద పెన్సిలు గీతలు ఉండె సార్. నాకు ఇంగ్లీష్ రాదు. పేరో, కొలతో తెల్వది."

సిస్టర్ ఆ మాట చెప్తుంటె డాక్టరమ్మ కండ్లు దించుకున్నది. సార్ మాత్రం పెన్సిలు ఆపి నన్ను తేరిపార సూసిండు.

అప్పుడు యాదికొచ్చింది. కట్టె కాలుస్తం గని మేకు పారెయ్యం. సొట్ట తీసి దాచుకుంటం. జీపుల షాపుకు ఉరికి, నా మేకుల డబ్బ తెచ్చి బల్ల మీద గుమ్మరిచ్చిన. ఏరితె పదకొండు దొరికినయి. గుండ్రంగ లెవ్వు, నాలుగు పలకలు, కొనకు పోంగ సన్నం. వాటిని కట్ నెయిల్ అంటరట, రేకును కత్తిరిచ్చి చేసేటియి. బట్ట అంచుకు పాత బొక్కలు అట్లనే ఉన్నయి, సుట్టు తుప్పు మరక. సార్ ఒక మేకు తీసి బొక్కల పెట్టిండు. పలకకు పలక సరిగ్గ కూసుంది. ఇంకోటి పెట్టిండు. అదీ కూసుంది.

ఆయన చెప్పింది సిస్టర్ నాకు తెలుగుల చెప్పింది. ఈ మేకులు, ఆ మూలల పని పాతకాలంవే. ముత్తవ్వ బతికున్నప్పటిదే అయ్యేటందుకు వీలున్నది. గీసింది ఆమెనే అనేటందుకు మాత్రం రుజువు లేదు. "మేస్త్రి చెక్క మీద పేరు రాసి ఉందని చెప్పి ఉంటే మిగతా ఏ మాటా నమ్మేవాణ్ణి కాదు అంటున్నారండీ" అన్నది.

డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకున్నది. "కాదని అయితే ఎవలు అనలేరు గద. నాకు గది చాలు" అని హిందీల అన్నది. తర్వాత పెన్సిలు ఇచ్చి, నా టేకు కట్టె మీద నా పేరు, సంవత్సరం, ఏం మార్చిన్నో రాయుమన్నది. "ఇంకో నూరేండ్లకు ఎవలన్న ఇప్పితె ఏది ఎవలిదో తెల్వాలె." తెలుగుల రాసిన. నాలుగు వరుసలు రాసేటందుకు చెమట వట్టింది. పదకొండు మేకులు సంచిల ఏసి ఎన్క కట్టిన.

ఏడాది గడిచినంక సిస్టర్‌కు ఉత్తరం వచ్చింది. మ్యూజియంల పెట్టిన్రట. కింద ముత్తవ్వ పేరు, పక్కన "ఇంటోళ్ళ మాట ప్రకారం" అని.

అప్పటి సంది నేను ఏది ఇప్పినా ముందుగాల అడుగుత. తీసిన ముక్కను, పనికిరానిదైనా, ఇంటోళ్ళ చేతుల పెట్టి వాళ్ళు వద్దంటెనే పారేస్త. నాకు చెత్త అయింది ఇంకొకల తల్లి చేతి గుర్తు గావచ్చు. తెల్వనిది తెల్వదని చెప్పుడు గూడ మా పనిలనే ఒక పని అని ఆనాడు నేర్చిన.

గింతే నాకు రాయొచ్చింది. ఎక్కడ అక్షరం తప్పిందో నాకే తెల్వది, మీరే సరిజేసుకొని సదువున్రి, తప్పులుంటె పెద్దమనసుతోని మాఫ్ చెయ్యున్రి.