సున్నపు గీత అవతల

సార్ పోయారని మొన్న పొద్దున కాలేజీ వాచ్‌మన్ ఫోన్ చేసి చెప్పాడు. ఈ పూట గ్రౌండు గేటు తీయాలా వద్దా అని కూడా అడిగాడు. గుంటూరులో మాకు ఫుట్‌బాల్ నేర్పిన ఆ సార్ ఉద్యోగంలోనే ఇప్పుడు నేనున్నాను. తీయమనే చెప్పాను. మూసేస్తే ఆయనే తిట్టేవారు.

ఆలస్యమంటే సార్‌కి ఒళ్లుమంట. గ్రౌండు చుట్టూ సున్నంతో గీత వేయించేవారు. ఆలస్యంగా వచ్చినవాడు ఆ గీత అవతల నిలబడాలి. సార్ "రా" అనేదాకా లోపల అడుగు పెట్టకూడదు. ఎందుకు లేటయిందో చెప్పబోతే, "కారణాలు మీ ఇంట్లో చెప్పుకో, ఇక్కడ ఆట చూపించు" అనేవారు. అలాగని రాతిగుండె మనిషి కాదు. మా బూట్లు చిరిగితే తనే పట్టుకెళ్లి కుట్టించేవారు. గురువారాలు ఉడకబెట్టిన గుడ్లు తెచ్చి, మేం పారేసిన పెంకులు కూడా తనే ఏరేవారు.

యూనివర్సిటీ జట్టుకు మనుషుల్ని ఎంపిక చేసే మ్యాచ్ రోజున మా గోల్‌కీపర్ రమ్మన్న టైముకి అరగంట ఆలస్యంగా వచ్చాడు. వాడిది దర్శి దగ్గర పల్లె. తెల్లవారుజామున వాన మొదలైతే, కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని ఇంటిల్లిపాదీ పోగుచేసి పట్టాలు కప్పి, ఆ తర్వాత దొరికిన బస్సెక్కాడు.

"చేతులు మండిపోతున్నాయిరా. గ్లౌజులేసుకుంటే తెలవదులే" అని నాతో మెల్లగా అని, వెళ్లి గీత అవతల నిలబడ్డాడు. సార్ పిలవలేదు. ఆట అయిపోయేదాకా పిలవలేదు.

కెప్టెన్ని నేను. ఒక్క ముక్క చెబితే సరిపోయేది. నన్నూ అవతల నిలబెడతారేమోనని నోరు మెదపలేదు. యూనివర్సిటీ జట్టులో నాకు చోటొచ్చింది, దాని పుణ్యమా అని ఈ ఉద్యోగమూ వచ్చింది. వాడు మళ్లీ కాలేజీ మొహం చూడలేదు.

రిటైరయ్యాక ఒక సాయంత్రం టీ తాగుతూ సార్ ఉన్నట్టుండి అడిగారు. "వాడా రోజు ఎందుకు లేటయ్యాడో నీకు తెలుసా?"

చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టేశారు.

"అప్పుడే చెప్పొచ్చు కదరా."

"మీరు కారణాలు వినేవారు కాదు కదండీ."

"వినకపోతే? కెప్టెన్‌వి కదా, నాతో పోట్లాడాల్సింది." "వాణ్ణొకసారి నా దగ్గరికి రమ్మను" అన్నారు.

వాడికి ఆ మాట చెప్పలేదు నేను. వాడి మొహం చూడ్డానికి సిగ్గేసి, రేపు మాపు అని ఏళ్లు గడిపేశాను.

సార్ తప్పు చేశారని గట్టిగా అనలేను. ఇప్పుడు నేనూ గీత వేయిస్తున్నాను, కాకపోతే కారణం అడుగుతున్నాను. అడగడం మొదలుపెట్టాక రోజూ నలుగురైదుగురు లేటుగానే వస్తున్నారు. అడగడం మానేద్దామనుకున్నప్పుడల్లా ఆ మండే చేతులే గుర్తొస్తాయి.

సార్ ఇంటి దగ్గర పాడె కట్టడం అయిపోయాక వాడొచ్చాడు. జుట్టు నెరిసింది. గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. నేను ఎదురెళ్లి చేయి పట్టుకున్నా కదల్లేదు.

"లేటయింది కదరా" అన్నాడు.

"సార్ నిన్ను రమ్మన్నార్రా. ఎప్పుడో రమ్మన్నారు. నేనే చెప్పలేదు."

వాడు నా మొహంలోకి ఒకసారి చూశాడు. చెప్పులు విడిచి, నన్ను దాటుకుని లోపలికెళ్లి సార్ కాళ్ల మీద రెండు చేతులూ ఉంచాడు. నేను మాత్రం చాలాసేపు గేటు అవతలే ఉండిపోయాను.