వదిన తినని పలాటా

ఆ రోజుల్లో రంగంలో, అదే బర్మాలోని రంగూన్‌లో, ఆదివారం పొద్దున ఇంట్లో టిఫిను తినే మగవాణ్ణి చూస్తే, ఒంట్లో బాగాలేదేమోనని పలకరించేవారు. ఊరంతా టీ కొట్లలోనే ఉండేది. నాకప్పుడే మూతిమీద నూనూగు మీసం, కలప అడితిలో కొత్త ఉద్యోగం. ఆ రెండింటినీ చూసుకుని నేను పడ్డ మురిపెం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అన్నయ్య నది అవతల సిరియంలో పనిచేస్తూ ఆదివారం మధ్యాహ్నం లాంచీలో ఇల్లు చేరేవాడు. రంగంలో తామ్వే పేటలోని మా ఇంట్లో అందరికీ వండిపెట్టేది వదిన. బర్మా ఆడవాళ్లు రోడ్డు పక్క పీటల మీద కూర్చుని తింటుంటే గుమ్మంలోంచి అదేపనిగా చూసేది.

“ఆల్లది అదృష్టం బాబూ,” అంది ఓనాడు. “నాను వండకుండా ఎవలో వండీసి నా ముందరెడితే, పొగలొస్తన్నప్పుడే తినాలనుంది. ఒక్కపాలి సాలు.”

ఆ మాటకి నా మీసం లేచి నిలబడింది. మరుసటి ఆదివారమే ఆవిణ్ణి బయల్దేరదీశాను, అన్నయ్య వచ్చేలోగా తిరిగొచ్చేద్దామని. (అన్నయ్య వద్దనే మనిషి కాదు. “ఇంట్లో పొయ్యి లేదా?” అని నవ్వుతాడు. వదినకి ఆ నవ్వంటేనే బెరుకు.) ట్రామెక్కి ఊళ్లోకెల్లా పేరున్న టీ కొట్టుకి తీసుకెళ్లాను. అక్కడ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, ఎవరి సరసనైనా కూర్చోవాల్సిందే. మా బల్లకి అటువైపు ఒక బర్మా ముసలాయన, ఒక తెలుగు మేస్త్రీ ఉన్నారు. పలాటాలు వచ్చాయి, పొరలు పొరలుగా వేయించిన రొట్టెలు, పైన ఉడికిన బఠాణీలు, పొగలు కక్కుతూ. నేను అందుకున్నాను. వదిన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“తినొదినా, సల్లారిపోతంది.”

“నువ్ కానీ బాబూ. మగోలు తినీసినాక తింటాను.”

మగవాళ్లంటే నేనొక్కణ్ణే అనుకున్నాను. నేను ముగించినా ఆవిడ ముట్టలేదు, కళ్లతో అటువైపు చూపించింది. ముసలాయన ఇంకా నములుతున్నాడు (పళ్లు తక్కువ, తీరిక ఎక్కువ). ఆయన లేచేసరికి ఇద్దరు గుమస్తాలు వచ్చి కూలబడ్డారు. వాళ్లు లేస్తే మరొకరు. పేరున్న కొట్టు, పైగా ఆదివారం, బల్ల ఖాళీ కావడమన్నది లేదు. మధ్యలో మేస్త్రీ పళ్లెం ఖాళీ అవడం చూసి వదిన, “ఇంకోటి ఏసుకుంటారా?” అని తన పళ్లెం ఆయన వైపు జరపబోయింది. ఆయనకి తాగుతున్న టీ పొరబోయింది.

“వదినా, ఇది మనిల్లు కాదు,” అన్నాను బతిమాలుతూ.

“తెలుసు బాబూ. సెయ్యాడట్లేదు.”

అన్నయ్య లాంచీ వేళయింది. వదిన లేచింది. పారేయడమెందుకని ఆ చల్లారిన పలాటా నా చేతే తినిపించింది. సిగ్గులేని ఆకలి నాది, రుచిగానే ఉంది. వచ్చే ఆదివారం గోడవారగా, మనిద్దరికే సరిపోయే చిన్న బల్ల పట్టేస్తానన్నాను. “సూద్దుం లే,” అని నవ్వింది. అంతలోనే అన్నయ్యకి సిరియంలోనే ఇల్లిచ్చారు. వదిన నది దాటింది. ఆ తర్వాత పిల్లలు, వాళ్లకి వంట. ఉన్నన్నాళ్లూ ఆవిడ అందరికన్నా ఆఖరునే తింది. ఆ చిన్న బల్లేదో మొదటి వారమే ఎందుకు వెతకలేదా అని ఇప్పటికీ బాధపడతాను.

ఇప్పుడు మా ఆవిడతో అదే కొట్టుకి వెళ్తుంటాను. ఆవిడ తినడం అయ్యేదాకా నేను ముట్టను. “ఏటా సూపు? సల్లారిపోతంది, తినండి,” అని కసురుతుంది. తింటాను. నాకు చల్లారిందే అలవాటని చెబుతాను.