తాబేలుకి మర్యాద నేర్పిన జయపాల్ గారు

జయపాల్ గారికి ఉన్నది ఒకటే జబ్బు. మిషన్ అనేది ఏదైనా సరే, మనిషితో మర్యాద లేకుండా మాట్లాడితే ఆ పూట ఆయనకి అన్నం సయించదు. మనుషులు ఎంత మాటన్నా పట్టించుకోరు. బస్సులో కాలు తొక్కినవాడే తిరిగి విసుక్కుంటే, "పర్లేదండి, నా కాలే అడ్డంగా ఉంది" అంటారు. మిషన్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనిషి మారిపోతారు.

ఓసారి ఏటీఎం దగ్గర ఆయన వెనకాలే నేనున్నాను. తెర మీద "కార్డు పెట్టుము" అని వచ్చింది. ఆయన కార్డు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"చూశారా క్రిస్టినా గారూ, పెట్టుముట! నేనేమన్నా దీని దగ్గర పనికి కుదిరానా?"

"వెనక పదకొండుమంది ఉన్నారండి" అన్నాను.

"వాళ్ళందరి తరఫునే అడుగుతున్నానమ్మా" అన్నారు. కార్డు జేబులో పెట్టుకుని బ్యాంకు లోపలికెళ్ళి, 'దయచేసి' అన్న మాట చేర్చవలసిందిగా కోరుతూ రెండు పేజీల అర్జీ ఇచ్చి, వచ్చిన పని మర్చిపోయి ఇంటికెళ్ళిపోయారు.

ఆయన భార్య తబిత గారికి ఇదంతా అలవాటే. "వాషింగ్ మిషన్ కూత పెడితే 'వస్తున్నానండి' అని పరిగెడతారమ్మా. నేను పిలిస్తే మాత్రం మూడోసారికి పలుకుతారు" అని చర్చిలో అందరి ముందూ చెప్పి నవ్విస్తుంటారు.

నేను ధవళేశ్వరంలో ఒక హైస్కూల్లో కంప్యూటర్ టీచర్ని. చదరపు దిమ్మెలు పేర్చి ఇళ్ళూ ఊళ్ళూ కట్టుకునే కంప్యూటర్ ఆట ఒకటుంది కదా, దానికి ఎవరో మహానుభావులు ఒక మాడ్ చేశారు. మాడ్ అంటే అసలు ఆటలో లేని హంగులు పైనుంచి తగిలించడం. ఈ మాడ్ తగిలిస్తే ఆటలోపల కూడా కంప్యూటర్లు వస్తాయి. వాటికి మనమే ప్రోగ్రాములు రాసుకోవచ్చు. తాబేలు అని చిన్న రోబో కూడా ఉంటుంది. చెప్పినట్టు నడుస్తుంది, తవ్వుతుంది, దిమ్మెలు పేరుస్తుంది.

మా తొమ్మిదో తరగతి పిల్లలు ఆ ఆటలో బ్యారేజీ కడతామన్నారు. పన్నెండు గేట్లు, గేటుకో కంప్యూటర్, కింద మూడు కాలవలు. రాజమండ్రిలో జరిగే ప్రాజెక్టుల ప్రదర్శనలో పెట్టాలని వాళ్ళ ఆశ. గేట్లు ఏ వరసలో ఎత్తుతారో నాకేం తెలుసు? ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైన జయపాల్ గారిని బతిమాలి తీసుకొచ్చాను. నా జీవితంలో నేను చేసిన అతి తెలివైన పనో, అతి తెలివితక్కువ పనో తేల్చుకోడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

ఆయన వచ్చిన మొదటి రోజే తాబేలు కాలవ తవ్వుతూ మధ్యలో ఆగిపోయింది. తెర మీద ఇంగ్లీషులో "ఇంధనం లేదు" అని రెండే రెండు ముక్కలు.

"ఏంటమ్మా ఇది?" అన్నారు జయపాల్ గారు.

"బొగ్గు అయిపోయిందండి. వేస్తే మళ్ళీ కదులుతుంది."

"వెయ్యండి, పాపం ఆకలి. కానీ అడిగే పద్ధతి అదేనా? ఇంతమంది పిల్లల ముందు?"

ఆ సందేశం మనం రాసింది కాదని, మాడ్‌తో పాటే వచ్చిన ప్రోగ్రాముల్లో ఉందని, ఆ ఫోల్డర్‌ని చదవడమే గానీ ఆటలోంచి దిద్దడం కుదరదని చెప్పాను. అక్కడితో వదిలేస్తారనుకున్నాను. పక్కనే ఉన్న మా లెక్కల మాస్టారు రమేష్ బాబు గారు ఊరుకోలేదు.

"దిద్దక్కర్లేదండి. అదే పేరుతో, అదే దారిలో మన ఫోల్డర్ ఒకటి తయారుచేసి పైన పెడితే, ఆట వాళ్ళది వదిలేసి మనదే చదువుకుంటుంది" అన్నారు.

జయపాల్ గారి మొహం వెలిగిపోయింది. "అంటే పాత ఉత్తర్వు రద్దు చెయ్యకుండానే కొత్త ఉత్తర్వు అమల్లోకి వచ్చేస్తుంది! ముప్పై ఏళ్ళు నేను చేసిన ఉద్యోగం ఇదేనండి!"

రమేష్ బాబు గారు ఆ మాట ఎందుకన్నానా అని నాలుగు నెలలు బాధపడ్డారు.

అరవై మూడేళ్ళ మనిషి మూడు వారాల్లో ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నారు. ఆ తెర మీద తెలుగు అక్షరాలు రావు. అందుకని ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాయడం మొదలెట్టారు. తాబేలుకి బొగ్గు అయిపోతే ఇప్పుడు, "క్షమించాలండి. వీలుంటే కాస్త బొగ్గు పెట్టించగలరా? తొందరేం లేదండి" అని వస్తుంది. మనం అడిగిన ప్రోగ్రాం లేకపోతే, "వెతికానండి, కనపడలేదు. పేరు ఇంకోసారి చెబుతారా?" కంప్యూటర్ ఆపేస్తే, "వెళ్ళొస్తానండి."

పిల్లలు పడీ పడీ నవ్వారు. రమేష్ బాబు గారు నవ్వలేదు. ఆయన స్వభావం వేరు. ఫోన్ ఎత్తితే హలో అనరు, "చెప్పు" అంటారు.

"జయపాల్ గారూ, మీ తాబేలు తవ్వేది తక్కువ, దణ్ణాలు పెట్టేది ఎక్కువ అయిపోయిందండి. తవ్వే ముందు 'తవ్వమంటారా?' అని అడగడం దేనికి?"

"ఒకరి నేల కదండి. అడక్కుండా ఎలా తవ్వుతుంది?"

"సరేనని కొట్టాను. అయినా కదల్లేదు."

"'అలాగే' అని కొట్టాలండి. సరే అంటే విసుగ్గా అన్నట్టుంటుంది."

రమేష్ బాబు గారు గదిలోంచి బయటికెళ్ళి, ఆవరణ చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "అలాగే" అని కొట్టారు. తాబేలు మూడు సెకన్లు ఆలోచించి, "సంతోషమండి" అని తవ్వడం మొదలెట్టింది.

ఇలా నవ్వుకుంటూనే ప్రదర్శనకి రెండు రోజుల దగ్గరికి వచ్చాం. ఆ బుధవారం పొద్దున్న ఆట తెరిస్తే పన్నెండు కంప్యూటర్లూ ఎర్రక్షరాలు చూపించాయి. ఏ ఆదేశం ఇచ్చినా, 'అండి' అన్న మాటైనా లేకుండా, అలాంటిదేమీ లేదంటాయి. ఒక్క గేటూ లేవదు. కంప్యూటర్ తెరవగానే నడిచే ప్రోగ్రాంలో జయపాల్ గారు ముందురోజు "శుభోదయమండి" చేర్చారట. ఎక్కడో ఏదో తేడా చేశారు. ఆయనేమో ఆ రోజు తబిత గారిని కంటి డాక్టరుకి చూపించడానికి తణుకు వెళ్ళారు. ఫోన్ ఎత్తడం లేదు.

పిల్లల మొహాలు చూడలేకపోయాను. అశ్విని మరీ నీరుకారిపోయింది. గేట్ల ప్రోగ్రాం రాసింది ఆ అమ్మాయే. వాళ్ళ నాన్న పెదబాబు గోదాట్లో చేపల వేటకి వెళ్తాడు. ప్రదర్శన చూడ్డానికి ఆ రోజు వేట మానేసి వస్తానన్నాడు.

"చాలండి ఈ మర్యాదలు" అన్నారు రమేష్ బాబు గారు. "ఆయన పెట్టిన ఫోల్డర్ మొత్తం తీసిపారెయ్యండి. మాడ్‌తో వచ్చిన ప్రోగ్రాములు మళ్ళీ వచ్చేస్తాయి. ముందు గేట్లు లేవనివ్వండి."

ఆయనన్నది నిజమే. ఫోల్డర్ ఎంచుకుని, తీసేసే మీట మీద వేలు కూడా పెట్టాను. నాలుగు నెలల కష్టం కదా, పోయే ముందు ఒకసారి చూద్దామనిపించి ఒక ఫైలు తెరిచాను.

ప్రోగ్రాంలో రెండు అడ్డగీతలు పెట్టి ఏం రాసినా కంప్యూటర్ పట్టించుకోదు. అది రాసినవాళ్ళు తమ గుర్తుకోసం రాసుకునేది. ఆటలో ఎవరికీ కనపడదు. జయపాల్ గారి ఫైళ్ళ నిండా అలాంటి గీతలే. ఇక్కడ ఫైల్లో తెలుగు అక్షరాలకి అడ్డేం లేదు కాబట్టి చక్కగా తెలుగులోనే రాసుకున్నారు.

"ఇక్కడ తప్పు అన్న మాట వద్దు. ఎర్ర రంగూ వద్దు. అది చూస్తే అశ్విని గారు చేతులు ఒళ్ళో పెట్టేసుకుంటారు. ఆ తర్వాత గంటసేపు మీట ముట్టుకోరు."

రమేష్ బాబు గారు నా భుజం మీంచి వంగి చదువుతున్నారు. పిల్లల్ని కూడా ఆయన 'గారు' అనే అంటారు. ఇంకా కిందికి వెళ్ళాను.

"ఇక్కడ మూడు సెకన్లు ఆగాలి. కృపారాణి గారు నెమ్మదిగా చదువుతారు. చదవడం పూర్తికాక ముందే తెర మారిపోతే, చదివేసినట్టు నటిస్తున్నారు."

"తవ్వే ముందు అడగాలి. బుల్లిరాజు గారు కంగారులో సొంత ఇల్లు రెండుసార్లు తవ్వేసుకున్నారు. 'అలాగే' అని టైపు చేసేలోపు ఒకసారి ఆలోచిస్తారు."

ఆ తర్వాతి గీత దగ్గర ఇద్దరం ఆగిపోయాం.

"రమేష్ బాబు గారు టిఫిన్ తినకుండా వస్తారు. పదకొండు దాటాక ఆయన కంప్యూటర్లో ఏ సందేశమూ ఒక లైను మించకూడదు."

రమేష్ బాబు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నేను టిఫిన్ తినడం లేదని ఈయనకెవరు చెప్పారండి?"

"ఎవరూ చెప్పలేదండి. చూసుంటారు."

నా పేరు కూడా కనపడింది. "గురువారం ఆఖరి పీరియడ్. క్రిస్టినా గారు బాగా అలిసిపోయి ఉంటారు. ఆవిడ కంప్యూటర్లో 'ఈవేళ పాఠం బాగుందండి' అని రావాలి. ప్రతి గురువారం వస్తే అనుమానం వస్తుంది. అప్పుడప్పుడూ చాలు."

ఆ మాట నేను ఓ నాలుగుసార్లు చూసి ఉంటాను. మాడ్‌లో ఏదో సరదా అనుకుని నవ్వేసి, ఆ సాయంత్రాలు కాస్త హుషారుగా ఇంటికెళ్ళాను.

"లేవండి, నేను చూస్తాను" అన్నారు రమేష్ బాబు గారు. తీసిపారెయ్యమన్న మనిషే, గంటన్నరసేపు ఒక్కో లైనూ వేలు పెట్టి చదివారు. "శుభోదయమండి" కింద ముగింపు పదం ఒకటి పడలేదు. అది చేర్చారు. పన్నెండు కంప్యూటర్లూ ఒక్కసారిగా శుభోదయం చెప్పాయి. అప్పుడు మధ్యాహ్నం రెండయింది. అయినా ఎవరూ ఆక్షేపించలేదు.

సాయంత్రం జయపాల్ గారు తణుకు నుంచి ఫోన్ చేశారు. జరిగింది చెప్పాను. ఆయన కంగారంతా గేట్ల గురించి కాదు.

"ఆ గీతలు చదివేశారా? అయ్యయ్యో! అడక్కుండా అందరి గురించీ రాశాను. రమేష్ బాబు గారికి కోపం వచ్చిందా అండి?"

"లేదండి. రేపట్నించి ఇడ్లీ తినొస్తానన్నారు."

ప్రదర్శన రోజు హాలంతా కిటకిటలాడింది. పెదబాబు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, మొదటి వరసలో కూర్చోడానికి మొహమాటపడి గోడవార నిలబడ్డాడు. న్యాయనిర్ణేత ఒకావిడ అశ్వినితో, "మధ్య కాలవకి నీళ్ళు వదలమ్మా" అన్నారు. అశ్విని ఒకసారి నాన్న వైపు చూసి, కంగారుగా మీటల మీదకి వంగింది. గేటు నంబరు పదమూడు కొట్టింది. మాకున్నవి పన్నెండే.

తెర మీద నెమ్మదిగా వచ్చింది: "పదమూడో గేటు ఇంకా కట్టలేదండి. కడితే మొదట మీకే చెబుతాను. ఇంకో నంబరు చూద్దామా?"

హాలు గొల్లుమంది. న్యాయనిర్ణేత కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది అశ్విని. నవ్వుతూనే ఆరు కొట్టింది. గేటు లేచింది. నీళ్ళు మెట్టు మెట్టుగా దిగి మధ్య కాలవలోకి పరిగెత్తాయి. గోడ దగ్గర్నించి పెదబాబు, "అదీ! కాలవలో పడ్డాయి!" అని గట్టిగా అరిచి, అందరూ తిరిగి చూసేసరికి నాలిక్కరుచుకున్నాడు.

మాకు రెండో బహుమతి వచ్చింది. అంతకంటే పెద్ద సంగతి, కోరుకొండలో ఒక స్కూలువాళ్ళు మా ఫోల్డర్ అడిగారు. ఇస్తే సరిపోతుందనుకున్నాను. జయపాల్ గారు ఒప్పుకోలేదు. "అది ఇక్కడి పిల్లలకి కుట్టిన చొక్కానండి, వాళ్ళకి పట్టదు" అని బస్సెక్కించి నన్నూ తీసుకెళ్ళారు. రెండు రోజులు ఆ క్లాసు వెనక బెంచీలో కూర్చుని, ఎవరెలా ఉన్నారో చూస్తూ పుస్తకంలో రాసుకున్నారు.

మూడో రోజు నా దగ్గరికి చాలా బెంగగా వచ్చారు.

"ఇక్కడ దుర్గాసాయి గారని ఒక అమ్మాయి ఉన్నారమ్మా. చాలా తెలివైనవారు. భయమన్నదే లేదు. ఏం వచ్చినా చదవకుండా మీటలు నొక్కేస్తున్నారు. ఆవిడకి కాస్త కసిరే తాబేలు ఉంటే బాగుపడతారు."

"రాయండి మరి."

"రాత్రంతా ప్రయత్నించానమ్మా. నాకు కసరడం రావడం లేదు" అని తలొంచుకున్నారు. "ఏమీ అనుకోకపోతే, ఒకసారి రమేష్ బాబు గారిని పిలిపిస్తారా?"

ఫోన్ చేశాను. "చెప్పు" అన్నారు. చెప్పాను. మర్నాడు సెలవు పెట్టి, మొదటి బస్సుకే దిగిపోయారు.