కూలీకీ సోమరికీ మధ్య తేడా

మీరు ఇనపచేతులక్కను కలిసి తీరాలి. నిజంగా! పేరు విని ఎవరో పహిల్వాను అనుకునేరు. సన్నగా, పొట్టిగా, కళ్ళజోడు ఎప్పుడూ ముక్కు మీదకు జారిపోతూ ఉండే మనిషి. కాఫీ తాగితే సగం సాసర్‌లోనే ఉంటుంది. ఇంట్లో గాజు సామాను ఆవిడను ముట్టుకోనివ్వరు. అదే మనిషి ల్యాబ్‌లో గోడంత మందం గాజు కిటికీ ముందు నిలబడిందంటే మాత్రం, చూసేవాళ్ళు ఊపిరి బిగపట్టాల్సిందే.

ఆ కిటికీ అవతల రేడియేషన్ ఉంటుంది, మనిషి అడుగుపెట్టడానికి లేదు. అక్క ఇవతల నుంచి రెండు పిడులు పట్టుకుని ఆడిస్తే, అవతల రెండు ఇనప చేతులు అలాగే ఆడతాయి. వాటితో రియాక్టర్‌లోంచి వచ్చిన గ్రాఫైట్ ముక్కలను విప్పడం ఆవిడ ఉద్యోగం. గ్రాఫైట్ అంటే ఏదో అనుకోకండి, పెన్సిల్ ములుకులో ఉండేదే. పాత రియాక్టర్లలో దాన్ని ఇటుకల్లా పేరుస్తారు. ఏళ్ళ తరబడి రేడియేషన్ తగిలి లోపలి పరమాణువులు చెల్లాచెదురవుతాయి. ఇటుక ముందు కుంచించుకుపోతుంది, చాలా ఏళ్ళకు ఉబ్బడం మొదలెడుతుంది. అదీ అన్నివైపులా ఒకేలా కాదు. దాంతో ఇటుక లోపలే ఒక పక్క మరో పక్కను లాగుతుంది. ఆ లాగుడుకు పగిలిపోవాలి కదా? ఇక్కడే గమ్మత్తు. రేడియేషన్ పడుతున్నంతసేపూ, లాగుతుంటే గ్రాఫైట్ మెల్లిగా సాగుతుంది, సర్దుకుంటుంది. ఎంత సర్దుకుంటే పగుళ్ళు అంత తక్కువ.

ఎంత సర్దుకుంటుందో తేల్చడానికే కవలలు. ఒకే దిమ్మలోంచి కోసిన రెండు ముక్కలు. ఒకదాన్ని ఉక్కు పట్టులో బిగించి, లాగుతూ రియాక్టర్‌లో పెడతారు. రెండోదాన్నీ అక్కడే, లాగకుండా ఊరికే పక్కన పడేస్తారు. ల్యాబ్‌లో మొదటిదాని పేరు కూలీ, రెండోదాని పేరు సోమరి. రెండూ కుంచించుకుంటాయి, కూలీ కాస్త తక్కువ. ఆ తేడాయే కావలసిన జవాబు.

ఈసారి ఆ జవాబు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళలో అక్క సొంత తమ్ముడూ ఉన్నాడు. పాత రియాక్టర్‌లో క్రేన్ నడుపుతాడు. ఇటుకల మీద అనుమానం వచ్చి దాన్ని ఆపేశారు. తేడా పైవాళ్ళు పెట్టిన గీత దాటితే మళ్ళీ నడుస్తుంది, లేకపోతే శాశ్వతంగా మూత. భోజనాల వేళ వరండాలో ఫోన్ మోగింది.

"అక్కా, తిన్నావా?"

"తిన్నా. అసలు సంగతి అడుగు."

"ఇవాళేగా విప్పేది? బావగారిలా నానబెట్టకు."

"ఆయన్నెందుకు లాగుతావురా మధ్యలో? ముందు పని కానివ్వు."

"కాస్త మా మీద దయుంచమను ఆ బొగ్గుముక్కని."

నవ్వుతూ పెట్టేసింది. అరచేతులు రెండుసార్లు తుడుచుకుని కిటికీ దగ్గరకు వచ్చింది.

సోమరి బయటే ఉంది, కొలత అయిపోయింది. కూలీ దగ్గరే చిక్కొచ్చింది. లాగే కడ్డీ ఇరుక్కుపోయింది. రియాక్టర్‌లోంచి బయటికొచ్చినా పట్టు ఇంకా ముక్కను లాగుతూనే ఉంది. సరే, ముందు అలాగే కొలిచారు. కొలతలాయన తెర మీద అంకె చూసి, "అక్కా! తమ్ముడి చేత స్వీట్లు తెప్పించు!" అన్నాడు. తేడా కావలసిన గీతను దాటింది.

అక్క నవ్వలేదు. "లాగి ఉంచిన రబ్బరు బ్యాండును కొలిస్తే పొడుగే వస్తుంది కదండీ," అంది.

ప్రాజెక్టు పెద్దసారు పక్కనే ఉన్నారు. ఆయనకూ అదే బెంగ. "నిజమేనమ్మా. అందులో కొంత నిజంగా సాగింది, కొంత ఇప్పుడు లాగుతున్నందుకు సాగింది. రెండోది తీసెయ్యాలి. అది ఎంతో లెక్క కట్టొచ్చు, కానీ రేడియేషన్ తగిలాక ముక్క ఎంత బిరుసెక్కిందో తెలీదు. నా లెక్క మీద నాకే నమ్మకం లేదు."

"విప్పితే తెలుస్తుంది."

"విరిగితే? మన దగ్గరున్న కూలీ ఇదొక్కటే. ఇది మళ్ళీ రియాక్టర్‌లోకి వెళ్ళాలి. అంచనా అని చెప్పి ఆ అంకె పంపినా తప్పు కాదు. చెయ్యి నీది, నువ్వే చెప్పు."

అక్క కిటికీలోకి చూసింది. అంచనా అని చెప్పినా పైవాళ్ళు చూసేది గీత దాటిందా లేదా అన్నదే.

"విప్పుతానండీ."

ఎడమచేత్తో కడ్డీని కదలకుండా పట్టుకోవాలి, కుడిచేత్తో దాన్ని బిగించిన మర వెనక్కి తిప్పాలి. ఎడమచెయ్యి వెంట్రుకవాసి తిరిగినా ఆ మెలి ముక్కకు తగులుతుంది. మెల్లిగా తిప్పింది. మర కదల్లేదు. ఇంకాస్త బలం పెట్టింది. లోపలి మైకులో టక్ మంది.

కొలతలాయన కుర్చీలోంచి లేచాడు.

"ముక్కేనా?" అన్నారు పెద్దసారు గొంతు తగ్గించి.

"తెలీదు సార్. మాట్లాడకండి."

అప్పుడు వెలిగింది ఆవిడకు, తను చేస్తున్న తప్పు. వారమంతా కొత్త గ్రాఫైట్‌తో సాధన చేసింది. కొత్తది కాస్త మెలిని ఓర్చుకుంటుంది, ఆ ఓర్పు చేతికి అలవాటైపోయింది. ఇది ఓర్చుకోదు. రియాక్టర్ లోపలైతే సర్దుకునేదేమో, ఇక్కడ సర్దుకునే గుణమే లేదు దానికి. ఎడమచెయ్యి తీసేసింది. బల్ల మీదున్న సీసం దిమ్మలు రెండు తెచ్చి కడ్డీకి అటూ ఇటూ ఆనించి, మెలి ముక్క దాకా పోకుండా అడ్డం కట్టింది. ఎడమచేత్తో దిమ్మలను అదిమి, కుడిచేత్తో మళ్ళీ మర పట్టుకుంది. కళ్ళజోడు జారింది. ఎత్తిపెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"సార్, కళ్ళజోడు!"

పెద్దసారు గబగబా వచ్చి పైకి తోశారు. మర ఒక్కసారిగా జారింది, కడ్డీ వదులైంది. ముక్క చిట్లలేదు. టక్కుమన్నది మరకు పట్టిన తుప్పు పెచ్చు ఊడి.

కొలతలాయన ఊపిరి వదిలి చప్పట్లు కొట్టబోయి, తెర చూసి ఆగిపోయాడు. కూలీ కాస్త పొట్టిదైంది. తేడా గీతకు కిందికి దిగింది. చాలా కాదు, కొంచెమే. కానీ కిందికే. మళ్ళీ కొలిచారు. అంతే వచ్చింది.

ఆ అంకే పైకి వెళ్ళింది. సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చాడు, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ముందొచ్చిన అంకె బాగానే ఉందటగా?"

"అది లాగి ఉండగా కొలిచింది రా."

"మీ సారే పంపొచ్చన్నాడట కదా! నిన్నెవరు విప్పమన్నారక్కా? మేమంతా ఎక్కడికి పోవాలి?"

"ఆ ఇటుకల పక్కన క్రేన్ ఎక్కేది నువ్వురా."

"ఎక్కేది నేనైతే నన్నడగాలిగా!"

అక్క లోపలికి రమ్మంది, వాడు రాలేదు. మెట్లు దిగి వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడింది. ఇప్పటికీ ఫోన్ చేస్తూనే ఉంది, వాడు ఎత్తడం లేదు.

మంచి అంకె చేతిలో ఉంది, పంపినా తప్పు లేదని పెద్దసారే అన్నారు, అవతల సొంత తమ్ముడు. చెప్పండి, ఆ కిటికీ ముందు మీరుంటే మర తిప్పేవాళ్ళా?